మా యింటి మగ్గపు గుంట

మన సంఘ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయవలసినదని పెద్దలు కోరినప్పుడు మేము కొంత జంకితిమి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకా కచేరీలలో ముప్పదియారేండ్లు దస్త్రములు కట్టి విప్పినవారము. ఇంట తెలుగు, బడిలో కన్నడము, దస్త్రములలో కొంత పారసీకము, కొంత ఇంగ్లీషు. ఇదియే మా పాండిత్యము. అయినను ఒక సంగతి చాలకాలముగా మా మనస్సున మెదలుచున్నది. మనవారితో చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన తావు లేదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పరీక్షలో చరిత్ర ప్రశ్నపత్రమున, యంత్రయుగములో సామ్రాజ్యములు పెరుగుటకు కారణములేవి, ఫలితములేవి అని యొక ప్రశ్న వచ్చినది. ముడిసరకు కావలెను, తయారైన సరకునకు సంత కావలెను, మిగిలిన మూలధనమునకు చోటు కావలెను, ఓడలకు రేవులు కావలెను అని కంఠస్థము చేసిన కారణములను కన్నడమున వరుసగా వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిమి. అందులో ఒక కారణము మా యింటి నడవలోనే గుంటయై యున్నదని మాకప్పుడు తెలియదు.

చింతామణికిని కైవారమునకును నడుమనున్న యొక చిన్న గ్రామము మాది. కైవారము తాతయ్యగారి పేరెరుగని తెలుగు కుటుంబము మన ప్రాంతమున లేదు గదా. గాజులమ్ముచు ఊరూర తిరిగి, తెలుగునను కన్నడమునను తత్వములు చెప్పిన ఆ యోగి 1726 మొదలు 1836 వరకు జీవించెనని సంప్రదాయము. ఆ లెక్కన పాలెగాండ్రను, హైదరును, టిప్పును, కుంపిణీని ఒక్క జన్మలో చూచిన మహానుభావుడు. మా పూర్వులు ఆయన శిష్యకోటిలోనివారే. కులవృత్తి నేత. నడవలో గోడవారగా మోకాళ్ళలోతు గుంట యొకటి యుండెడిది. నేతగాడు అంచున కూర్చుండి, కాళ్ళు అందులో నుంచి మగ్గమును త్రొక్కుటకు త్రవ్వినది. మా చిన్ననాటికి మగ్గమును లేదు, నాడెయును లేదు. ఆ గుంటలో పగిలిన కుండలు, అరిగిన తిరగలి రాయి పడియుండెడివి. పిల్లలము దాగుడుమూతలాడునపుడు అందులో దాగెడివారము. మా తాత చూచినచో కేకలు వేసెడివాడు. ఎందులకో చెప్పెడివాడు కాడు.

కారణము బంధువులు చెప్పిరి. మా తాత తండ్రికి వంశములో పేరు లేదు. "మగ్గం తాగినోడు" అనియే పిలిచెడివారు. కల్లుకై మగ్గమునమ్మి, ఆలిని విడిచి, పడమటి కొండల కాఫీతోటలకు పారిపోయినాడని కథ. మా నాయన పెండ్లిలో బట్టలు పెట్టు సమయమున ఒక దూరపు బంధువు, "మగ్గం తాగినోని మనవడికి పంచె యెందుకప్పా, ఒక ముంత కల్లు పొయ్యండి" అని పందిరియంతయు వినునట్లు అనెనట. మా నాయన ఆ మాటను మరణపర్యంతము మరువలేదు. మేము త్రాగకుండుటకు ఆ మాటయే కారణమైనను, దానిని సత్యమని నమ్మియే పెరిగితిమి.

కచేరీ రికార్డు గదిలో పని యొత్తిడి లేని మధ్యాహ్నములు కొన్ని యుండును. పాత గెజెటీర్లు తిరగవేయు అలవాటు మాకు అక్కడ కలిగినది. నందికొండ మనకు నిత్యము కానవచ్చునదే. దానిని 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ దొర సైన్యము పట్టుకొన్నది. 1799లో టిప్పు పడిపోయెను. మరుసటి యేడే, అనగా 1800లో, కుంపిణీవారు ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుని మైసూరు దేశమంతయు తిరిగి చూచి రమ్మని పంపిరి. ఏ నేలలో ఏమి పండును, ఎవరేమి నేయుదురు, ఏ సరకు ఏ ధరకు పోవును అని యతడు ఊరూర అడిగి వ్రాసికొన్నాడు. చిక్కబళ్ళాపురపు కలకండ చైనా కలకండకు తీసిపోదని వ్రాసినవాడతడే. చదువునపుడు మాకు గర్వము కలిగినమాట నిజము. పిదప గుమాస్తా బుద్ధి మేలుకొన్నది. ఆస్తి చేతికి వచ్చిన మరునాడే జాబితా వ్రాయించువాడు దానిని ఏమి చేయదలచెనో మాకు తెలియనిది కాదు.

మనము ఈ నేలపై అల్పసంఖ్యాకులమైన విధము కూడ ఆ దస్త్రములలోనే యున్నది. మనవారు కొందరు విజయనగరపు రోజులనుండి యిక్కడివారే. ఎక్కడనుండియు వలస వచ్చినవారు కారు. 1799లో మైసూరును పంచుకొన్నపుడు గుత్తి, గుఱ్ఱంకొండ సీమలు నిజాము పాలయ్యెను. 1800లో అతడు వానిని కుంపిణీకి దత్తము చేసెను. బాగేపల్లి ఇటు మైసూరున నిలిచినది. హిందూపురము, కదిరి అటు మదరాసు క్రిందికి పోయినవి. ఒకే పినాకిని, ఒకే రాగిసంగటి, ఒకే మాట. నడుమ దొరలు గీచిన గీత. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినను ఇచ్చట ఆ గీత యించుమించు అట్లే నిలిచినది. మా అవ్వ కదిరి పిల్ల. ఆమెకు ఆ గీత సంగతి తెలియదు. పుట్టింటికి ఎండకాలమున బండి కట్టించుకొని పోయి వచ్చెడిది.

లెక్కలు మాకు ప్రియమైనవి గనుక ఒక లెక్క చెప్పెదము. 1799 ఒడంబడిక ప్రకారము మైసూరు కుంపిణీ సైన్యపు ఖర్చునకు ఏటా 7 లక్షల వరహాలు, అనగా 24 లక్షల 50 వేల రూపాయలు, కట్టవలసి యుండెను. ఆ మొత్తమును 1881 వరకు ఎనుబదిరెండేండ్లకు గుణించి చూడుడు: 20 కోట్ల 9 లక్షలు. 1831 నుండి 1881 వరకు పాలించినదియు దొరలే, పుచ్చుకొన్నదియు దొరలే. 1881లో రాజ్యమును వడయారులకు తిరిగి యిచ్చునపుడు కప్పమును 35 లక్షలకు పెంచి, దేశము కరువుచే చితికియున్నందున ఆ పెంపును కొంతకాలము వాయిదా వేసిరి. దయ యనిన ఇట్లుండవలెను!

ఇక నూలు సంగతి. జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు 1769లో పేటెంటు పొందెను. అదే యేట ఆర్క్‌రైట్ నూలు వడకు యంత్రమునకు పొందెను. లాంకషైరున మిల్లులు లేచినవి. మిల్లుకు ఆకలి యెక్కువ; రేయింబవళ్ళు నూలు కక్కును, దానిని కొనువాడు కావలెను. మన పుస్తకములలో మిల్లుబట్ట వచ్చి నేతగాండ్రు చచ్చిరని ఒక్క వాక్యమున ముగింతురు. అది అంత సులువుగా జరుగలేదు. మొదట చచ్చినది రాట్నము. అంతకుమునుపు నేతగానికి నూలు ఊరి ఆడువారే వడకి యిచ్చెడివారు. ధాన్యమునకో, బట్టకో మార్పిడి జరిగెడిది. మిల్లునూలు సన్నముగను సమముగను చౌకగను వచ్చుసరికి నేతగాడే సంతోషముతో దానిని కొనెను. అతని తప్పేమి? అయితే మిల్లునూలునకు రొక్కము కావలెను. రొక్కము షాహుకారు చేతిలో నున్నది. ఇంటి ముసలమ్మకు బాకీపడిన నేతగానికిని, షాహుకారుకు బాకీపడిన నేతగానికిని ఎంత భేదమో మనవారికి వివరింప నక్కరలేదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ప్రత్తి ధర మిన్నంటి, యుద్ధము ముగిసినంతనే పడిపోయెను. ఎక్కడి అమెరికా, ఎక్కడి చింతామణి! 1864లో బెంగుళూరికి రైలు వచ్చెను. 1869లో సూయజు కాలువ తెరచిరి. దారి దగ్గరైనది, సరకు చౌకయైనది. 1882లో విదేశపు బట్టపై సుంకము ఎత్తివేసిరి. పిమ్మట ఖజానాకు డబ్బు కావలసివచ్చి, 1896లో దిగుమతి బట్టపై నూటికి మూడున్నర సుంకము వేసిరి. కాని మాంచెస్టరువారు కోపగించుకొందురని మన దేశపు మిల్లుబట్టపైనను అంతే పన్ను వేసిరి. ఆ పన్ను 1925 వరకు తొలగలేదు.

ఈ నడుమ ధాత వచ్చినది. ధాత, ఈశ్వర సంవత్సరముల కరువును మా అవ్వ వినికిడిగానే యెరుగును. అయినను ఆ పేరు చెప్పునపుడు గొంతు తగ్గించెడిది. 1871 జనాభా లెక్కలో మైసూరు ప్రజలు సుమారు 50 లక్షల 55 వేలు. 1881లో 41 లక్షల 86 వేలు. పదేండ్లలో పెరుగవలసిన దేశము 8 లక్షల 69 వేలు తగ్గినది. మన కోలారు సీమ మిక్కిలి దెబ్బతిన్నవానిలో నొకటి. కరువు నడుమనే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా చాటిరి. ఆ యేటనే మదరాసు రాజధానిలో కరువు పనులకు వచ్చిన మగవానికి దినమునకు పౌను ధాన్యము, ఒక అణా చాలునని రిచర్డు టెంపుల్ దొర తగ్గించెను. అదే కాలమున ఈ దేశపు గోధుమలు ఇంగ్లండునకు ఓడలకెక్కుచునే యుండెను. వానలు లేకపోవుట దొరల తప్పు కాదు; ఆ మాట న్యాయముగా ఒప్పుకొందము. గింజ ఉన్నచోటినుండి లేనిచోటికి పోక, ధర ఉన్నచోటికి పోయినది. కరువు తీరుసరికి మైసూరు ఖజానా ఎండి, హిందూదేశ ప్రభుత్వమునకు 80 లక్షలు బాకీ తేలినది. షాహుకారునకు మా ముత్తాత ఎట్లో, దొరలకు మైసూరు అట్లు.

కరువున మొదట ఆగిపోవునది బట్ట. కడుపునకు లేనివాడు పంచె కొనడు. మేము ఉద్యోగము విరమించిన మరుసటి యేడు, ఇల్లు బాగుచేయుటకై అటక దించగా, ఒక కొయ్యపెట్టెలో మడతలు విరిగిన కాగితమొకటి దొరకినది. కన్నడ లిపి. అట్టి పాత పత్రములు చదువుటయే మా జన్మకు పని గనుక అద్దము పెట్టుకొని కూర్చుంటిమి. ధాతు సంవత్సర మార్గశిరము. నూలు బాకీకి గాను ఒక మగ్గము, దాని కొయ్యసామగ్రి, రెండు నాడెలు షాహుకారునకు ఒప్పగించినట్లు మా ముత్తాత వేలిముద్ర. అందులో కల్లు ప్రసక్తి లేదు. కల్లు బాకీకి ఎవడును పత్రము వ్రాయడు, నిజమే. కాని నూలు బాకీ యని స్పష్టముగా నున్నది. మార్గశిర మనగా 1876 నవంబరు, డిసెంబరు. అతనికప్పటికి ఇరువదియైదేండ్లు దాటవు.

మా ముత్తాత త్రాగలేదని మేము వాదింపము. త్రాగెను. కాఫీతోటలనుండి చలిజ్వరముతో తిరిగి వచ్చిన పిదప త్రాగెననియు, అంతకుముందు ఆ యలవాటు లేదనియు మా అవ్వ ఒకసారి చెప్పినది. మేము చిన్నవారమై లక్ష్యపెట్టలేదు. మగ్గము పోయి త్రాగినాడో, త్రాగి మగ్గము పోగొట్టుకొన్నాడో అను ముందు వెనుకల భేదమే మా వంశపు మానమంతయు. ముసలితనమున అతడు రోజంతయు ఆ గుంట అంచున కూర్చుండెడివాడట. "మగ్గం లేదు గదరా, అయినా కాళ్ళు ఆడిస్తా ఉండె" అనెడిది అవ్వ.

దొరల పాలనలో మేలు లేదనుట కృతఘ్నత యగును. మా గుమాస్తా ఉద్యోగము వారి దస్త్రముల కడుపున పుట్టినదే. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తును కోలారు బంగారు గనులకు తెచ్చిరి, ఆసియాలోనే ఘనకార్యము. బంగారము లండనుకు పోయినది. నాడు అదే జిల్లాలో నుండిన మా యూరికి మొదటి దీపము మేము బడికి పోవునాటికి వచ్చినది. ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు దివానుగా నుండి, యంత్రములు మన చేతిలో నుండినగాని బ్రదుకు లేదని గ్రహించి, బ్యాంకును, భద్రావతి ఇనుప కర్మాగారమును తలపెట్టిరి. ఆయన పూర్వులు మోక్షగుండమువారు, మన తెలుగువారే. గాంధిమహాత్ముడు 1927లో అస్వస్థుడై నందికొండమీద కొన్నాళ్ళు విశ్రమించెను. మా తాత నడచిపోయి, దూరమునుండి చూచివచ్చి, అవ్వతో, "మనోళ్ళు పొయ్యిలో పెట్టిన రాట్నం కోసరం అంత పెద్దాయన దేశమంతా తిరగతా ఉండాడంటమే" అనెనట. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థమున జెండా ఎత్తవచ్చిన జనముపై తుపాకులు ప్రేలినప్పుడు ప్రేల్చినవారు మైసూరు పోలీసులు, పడినవారు మనవంటివారు. దొర అక్కడ కానరాలేదు.

ఇల్లు బాగుచేయునపుడు మా తమ్ముని కొడుకు నడవ యంతయు టైల్సు వేయింపదలచి, గుంటను కాంక్రీటుతో పూడ్చుమని మేస్త్రీకి చెప్పెను. ఆ దినము బంధువులు నలుగురు వచ్చియుండిరి. పెండ్లిపందిట ఆ మాట అన్న పెద్దమనిషి కొడుకు, మాకు అన్న వరుస, వారిలో నుండెను. మేము కాగితము తెచ్చి బిగ్గరగా చదివితిమి. ఎవరును మాటాడలేదు. అన్న కాగితమును చేతికి తీసికొని, కన్నడము చదువనేర్చినవాడే యైనను, వేలిముద్రనే చాలసేపు చూచెను. తరువాత మేస్త్రీ వంక తిరిగి, "పూడ్చొద్దు లేప్పా, ఉండనీ" అనెను.

పైన కడపబండ పరిపించితిమి. ఇరువురు పట్టిన లేచును.