తాతయ్య తలపాగాకు తెనాలిలో హెల్మెట్

"నక్కతోక తొక్కావు పెద్దాయనా, బతికిపోయావ్!"

కిందటి డిసెంబరులో మా తాతయ్య నుదుటికి కుట్లు వేస్తూ డాక్టరు గారు అన్న మాట ఇది. మొత్తం ఏడు కుట్లు. మా ఊరు రేపల్లె పక్కనే. కోతల రోజులు కదా, కాలవ కట్ట రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. తప్పుకుందామని తాతయ్య మోపెడ్‌ని వడ్ల మీదికి పోనిచ్చాడు. చక్రం జర్రున జారింది. అప్పుడు ఆయన నెత్తిన ఉన్నది తలపాగా ఒక్కటే.

"తలపాగా ఉండబట్టే బతికాను" అని ఇంటికొచ్చాక ఊరందరికీ చెప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా మోపెడ్ తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో దాచేసింది.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. తాతయ్యకి డెబ్బై ఒకటి. పొద్దున పాలకేంద్రం, తర్వాత పొలం, సాయంత్రం రేపల్లె సెంటర్లో టీ. ఆ మోపెడ్ లేకపోతే ఆయనకి రోజే లేదు. ఎవరినీ ఎక్కించుకోమని అడగడు. వారం రోజులు అరుగు మీదే కూర్చున్నాడు. అన్నం సగం తిని లేచేవాడు. నేను బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతున్నా. సెలవులకి ఇంటికొస్తే అమ్మ ఒకటే మాట చెప్పింది: "హెల్మెట్ పెట్టుకుంటానంటే తాళం ఇస్తా. నువ్వే చెప్పు, నీ మాటైతే వింటాడు."

వినలేదు. "తలపాగా తీసేసి బోర్లించిన కుండ పెట్టుకోమంటావా?" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉండే ఉంటాడు. తలపాగా ఆయనకి ఎండకి కట్టుకునే గుడ్డ మాత్రమే కాదు. మా ముత్తాత పెద్దకర్మ రోజున పెద్దలు ఆయన తలకి చుట్టారట, అప్పటి నుంచి అది లేకుండా గడప దాటలేదు. పైగా మన దగ్గర తలపాగా తీసి ఒకరి కాళ్ల దగ్గర పెట్టడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడమే. అలాంటిది తీయమంటే ఎలా తీస్తాడు?

అందుకే వాదన మానేసి, "సరే, తెనాలి వెళ్దాం. నీకు నచ్చిందే కొందాం. నచ్చకపోతే వద్దు" అన్నా. తెనాలి పేరు చెబితే ఆయన కాదనడు. కుర్రతనంలో పద్యనాటకాల కోసం సైకిల్ మీద వెళ్లిన ఊరు అది.

భట్టిప్రోలు దగ్గర బ్రేక్

ఫిబ్రవరి పొద్దున ఆరున్నరకి నా బైకు మీద బయల్దేరాం. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి కాబట్టి నా ఫ్రెండు ఫుల్‌ఫేస్ హెల్మెట్ తాతయ్యకి పెట్టా. వరి కోసేసిన చేలల్లో ఒకవైపు మినుము, ఇంకోవైపు మొక్కజొన్న. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పది నిమిషాలకోసారి వెనక నుంచి నా భుజం మీద దెబ్బ.

భట్టిప్రోలులో ఆపేసరికి ఫిర్యాదుల చిట్టా సిద్ధంగా ఉంది. ఒకటి, ఉక్క. రెండు, చెవులు వినపడట్లేదు. మూడు, కళ్లజోడు పట్టట్లేదు. నాలుగు, ఎవరైనా పలకరిస్తే మొహం కనపడదు. నేను అవన్నీ ఫోన్లో రాసుకున్నా. నవ్వుకోకండి, హెల్మెట్ కొనేటప్పుడు చాలామంది రంగు చూస్తారు తప్ప ఈ నాలుగూ చూడరు. ఆ తర్వాత అది బండి అద్దానికి వేలాడుతుంది.

టీ తాగి స్తూపం దిబ్బ చూద్దామని వెళ్లాం. 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్విస్తే రాతి భరిణెలు దొరికాయి. వాటి మీదున్న అక్షరాలకి ఈ ఊరి పేరు మీదే భట్టిప్రోలు లిపి అని పేరు. రాతి భరిణె లోపల స్ఫటిక భరిణె, దాని లోపల ధాతువులు. తాతయ్యకి అదంతా చెప్పి, "హెల్మెట్ కూడా అంతే. పైన గట్టి డిప్ప, లోపల మందపాటి థర్మాకోల్, దాని లోపల నీ తల" అన్నా.

"ఆ థర్మాకోల్ ఏం చేస్తుందిరా?"

"దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతుంది. ఆ నలగడంలోనే దెబ్బ జోరు తగ్గి మెదడుకి చేరేది తక్కువవుతుంది. ఒకసారి గట్టిగా తగిలిందంటే పైకి బాగానే కనపడినా ఇక ఆ హెల్మెట్ పనికిరాదు, మార్చేయాలి."

"నేను ముప్పై దాటి తోలనుగా."

దీనికి నా దగ్గర లెక్క ఉంది. బండి ఆగి ఉన్నా సరే, అయిదడుగుల ఎత్తు నుంచి తల నేలకి తగిలితే ఆ తాకే వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. మెల్లగా తోలితే బండి వేగం తగ్గుతుంది గానీ, తలకీ తారురోడ్డుకీ మధ్య ఎత్తు తగ్గదు కదా.

తాతయ్య ఏమీ అనలేదు. కాసేపాగి, "మరి సర్దార్జీలకి అక్కర్లేదుగా?" అన్నాడు. నిజమే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఇచ్చింది. వాళ్లకది మతధర్మం. మన తలపాగాకి అలాంటి మినహాయింపు లేదు. 2019 సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. చెప్పా గానీ, జరిమానా మాట ఆయన చెవికెక్కలేదు.

దొరల టోపీ

తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు కదా. ఊరి మధ్య నుంచి పారే మూడు కాలవలు, వంతెనల మీద జనం, ఎక్కడ చూసినా హడావిడి. ఇక్కడ ఏ నాటకం ఎక్కడ చూశాడో చెప్పుకుంటూ తాతయ్య హుషారైపోయాడు.

మొదట రోడ్డు పక్కన తాడుకి వేలాడేసిన హెల్మెట్ల దగ్గర ఆగాం. ఆయన కళ్లు తిన్నగా ఒకదాని మీద పడ్డాయి. ముందు చిన్న అంచు, పైన గుండ్రటి డిప్ప, చెవులకి అడ్డం లేదు. గుర్రం ఎక్కే దొరలు పెట్టుకునే టోపీలా ఉంది. రెండొందల యాభై. "ఇదైతే తలపాగా మీదే పెట్టుకోవచ్చు. దర్జాగా కూడా ఉంది" అన్నాడు.

ఆ దొరల టోపీకి ఓ కథ ఉంది. ఇంగ్లండ్‌లో గుర్రాలెక్కి వేటకుక్కలతో నక్కల్ని తరమడం గొప్పింటి సంప్రదాయంగా ఉండేది. మన ఊటీలో కూడా తెల్లదొరలు గుంటనక్కల వెంట ఇలాగే పరిగెత్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 ఫిబ్రవరి నుంచి ఆ వేటని చట్టం నిషేధించింది. గుర్రపు స్వారీ మాత్రం ఆగలేదు. వాళ్ల పాత వేట టోపీ పైన నల్లటి మఖమల్‌తో అందంగా ఉండేది గానీ, కంచె దూకేటప్పుడు గుర్రం మీద నుంచి పడితే తలని పెద్దగా కాపాడేది కాదు. తర్వాత వాళ్లేం చేశారంటే, రూపం అలాగే ఉంచుకున్నారు. పైన అదే మఖమల్, అదే అంచు. లోపల మాత్రం పరీక్షలకి నిలిచిన గట్టి డిప్ప, దెబ్బని మింగే పొర, గడ్డం కింద బిగించే పట్టీ. సంప్రదాయం పైన, రక్షణ లోపల.

మా ముందున్న టోపీలో ఆ రెండోది లేదు. లోపల వేలు పెట్టి చూపించా, పలచటి స్పాంజి. నొక్కితే డిప్ప సొట్టపోతోంది. ఐఎస్ఐ గుర్తూ లేదు.

తాతయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, "నాటకాల కిరీటం అన్నమాట. పైన తళుకు, లోపల అట్ట" అని తిరిగి తాడుకి తగిలించేశాడు. నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆయన ఒక్క మాటలో పట్టేశాడు.

కొనేటప్పుడు చూసినవి

తర్వాత షాపులోకి వెళ్లాం. మీకూ పనికొస్తాయి కాబట్టి మేం చూసినవి వరసగా చెప్తా.

ముందు గుర్తు. ఐఎస్ఐ ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. అక్కడే నిలబడి కొట్టి చూశా. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని బైకు హెల్మెట్లు తయారుచేయడం, అమ్మడం చట్టరీత్యా కుదరదు. అయినా రోడ్డు మీద దొరుకుతూనే ఉన్నాయి.

తర్వాత సైజు. కనుబొమల పైన టేపు చుట్టి కొలవాలి. తాతయ్యకి తలపాగాతో ఓ సైజు, లేకుండా ఓ సైజు. మందపాటి తలపాగా మీద పెద్ద హెల్మెట్ పెడితే అది కుదురుగా కూర్చోదు, పడ్డప్పుడు జారిపోతుంది. పలచటి నూలు గుడ్డ ఒక్క పొర అయితే పర్లేదు, చెమట పీలుస్తుంది. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే నుదుటి చర్మం కూడా దాంతోపాటే కదలాలి. గడ్డం పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించి ఖాళీ ఉండకూడదు.

చివరగా రకం. నిజం చెప్పాలంటే ఫుల్‌ఫేసే మేలు, దవడకి కూడా కాపలా. నేను అదే వాడతా. కానీ తాతయ్య చిట్టాలో నాలుగు ఫిర్యాదులున్నాయి. మొహం తెరిచి ఉండే ఓపెన్‌ఫేస్‌కి ఆ నాలుగూ చాలావరకు తీరతాయి. పెట్టుకోని గొప్ప హెల్మెట్ కన్నా రోజూ పెట్టుకునే మంచి హెల్మెట్ నయం అనుకున్నా. ముందు అంచు ఉన్న గోధుమరంగుది ఎంచుకున్నాడు. పన్నెండొందలు అయింది. డబ్బులు ఆయనే ఇచ్చాడు.

"తలపాగా విప్పి చూడండి బాబాయ్ గారూ" అన్నాడు షాపు అతను. తాతయ్య చుట్టూ చూశాడు. షాపులో ఇంకో నలుగురున్నారు. "ఇంటికెళ్లి చూస్తాలే" అన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు బాధేసింది. పదమూడేళ్ల నుంచి నేను చూస్తున్న జుట్టు కాదు అది, ఎవరూ చూడని జుట్టు. షాపు అతను ఏమనుకున్నాడో, అద్దం తీసి లోపల గదిలో పెట్టాడు. తాతయ్య ఒక్కడే వెళ్లి పెట్టుకుని చూసుకుని వచ్చాడు.

బాపట్ల గుడి మెట్ల దగ్గర

పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం దగ్గర పడింది. తాతయ్య కొత్త హెల్మెట్‌తోనే కూర్చున్నాడు గానీ మొహం ముడుచుకునే ఉన్నాడు. తలపాగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. భావనారాయణస్వామి గుడికి తీసుకెళ్లా. బండి దిగగానే హెల్మెట్ తీసి గబగబా తలపాగా చుట్టుకున్నాడు. గుడి వాకిట్లోకి రాగానే మళ్లీ విప్పి భుజాన వేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నేనేమీ అనలేదు. ఆయనే అన్నాడు. "గుళ్లో విప్పుతా, కాలవలో మునిగేటప్పుడు విప్పుతా. బండెక్కేటప్పుడూ విప్పితే ఏమైందిలే." కాసేపాగి, "ఆరోజు పడ్డప్పుడు కళ్లు తెరిచేసరికి తలపాగా పది గజాల దూరాన పడుంది. మీ అమ్మకి చెప్పలేదు" అన్నాడు.

అంటే ఆయన్ని తలపాగా కాపాడలేదు. నేలకి తల తాకకముందే అది ఊడిపోయింది. ఊరందరికీ చెప్పుకున్న కథ ఒకటి, ఆయనకి తెలిసింది ఒకటి.

2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు 42 శాతం, తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని ప్రపంచంలో జరిగిన చాలా అధ్యయనాల్ని కలిపి చూసి తేల్చారు. ఈ లెక్కలు ఆయనకి చెప్పాలని దాచుకున్నా. ఆ మెట్ల మీద చెప్పాలనిపించలేదు.

సూర్యలంకలో సాయంత్రం దాకా సముద్రం చూశాం. ఆ గాలికి తలపాగా చుట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించి నవ్వేశాడు. తిరుగు ప్రయాణం కర్లపాలెం మీదుగా 216 నంబరు జాతీయ రహదారి. చీకటి పడ్డాక ఎదురుగా లారీలు, చేపల బండ్లు. వెనక నుంచి ఒక్కసారి కూడా భుజం మీద దెబ్బ పడలేదు. నిద్రపోయాడేమోనని ఆపి చూశా. "పోనీరా, చెవులు వెచ్చగా ఉన్నాయి" అన్నాడు.

ఇప్పుడు తాళంచెవి బియ్యం డబ్బాలో లేదు, గోడ మేకుకి ఉంది. పక్కనే హెల్మెట్. పొలం దగ్గరే కదా అని ఇప్పటికీ అప్పుడప్పుడూ వదిలేసి వెళ్లబోతాడట. అందుకని అమ్మ ఓ పద్ధతి పెట్టింది. గడ్డం కింద పట్టీ 'టిక్' మన్న చప్పుడు వంటింట్లోకి వినపడితేనే తాళంచెవి మేకు మీద నుంచి దిగుతుంది. పాలకేంద్రం దగ్గర బండి దిగాక హెల్మెట్ అద్దానికి తగిలించి, సీటు కింద నుంచి తలపాగా తీసి, తీరిగ్గా చుట్టుకుని అప్పుడు పాలు కొలుస్తాడట.