అవ్వకు వచ్చిన మూడు భాషలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పంపినప్పుడు అబ్దుల్ కలాం గారి గురించి రాద్దామనుకున్నాను. ఆయన గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు నాకంటే బాగానే రాస్తున్నారు. అందుకే నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడని ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆమె పేరు డాక్టర్ సువర్ణ అల్లాడి. నరాల వైద్యురాలు. హైదరాబాదు నిమ్స్‌లో చాలాకాలం పనిచేసి, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రొఫెసర్ అయ్యారు. వయసు మళ్లినాక కొందరికి మతి ఎందుకు తప్పుతుంది, అందులోనూ కొందరికి ముందు, కొందరికి ఆలస్యంగా ఎందుకు తప్పుతుంది అన్నదే ఆమె పరిశోధన.

మన పల్లెల్లో దీన్ని జబ్బుగా ఎవరూ అనుకోరు. చాదస్తం అంటారు, మతి చెడింది అంటారు, ఇంకా గట్టిగా అడిగితే గాలి సోకింది అంటారు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. ఇందులో చాలా రకాలున్నాయి. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు, మతి తప్పి చనిపోయిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో చూసి అందులో గడ్డలు, చిక్కుముళ్లు ఉన్నాయని చెప్పాడు. అది అల్జీమర్ వ్యాధి. బీపీ, షుగర్ వల్ల మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది ఇంకో రకం. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే తేల్చింది. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఆ రెండు మాటలూ చదివినప్పుడు నాకు మా అవ్వే కళ్ల ముందు మెదిలింది.

మా అవ్వ పుట్టింది రాయచూరు వైపు పల్లెలో. కన్నడం ఆమె తల్లి భాష. పెళ్లయి గద్వాల వైపు వచ్చాక తెలుగు నేర్చింది. కరువు సంవత్సరాల్లో తాతతోపాటు బొంబాయి పనులకు పోయి అక్కడ హిందీ పట్టుకుంది. బడి గడప మాత్రం తొక్కలేదు. తొక్కలేదు అనడం కూడా సరికాదు, ఆ కాలంలో మన వాడల పిల్లలను తొక్కనిచ్చింది ఎవరు? డెబ్బై దాటాక ఆమెలో మార్పు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఎప్పుడో అమ్మేసిన దూడకు నీళ్లు పెట్టారా అని అడిగేది.

పట్నంలో ఒక దవాఖానాకు తీసుకుపోయాం. ఈ రోజు తేదీ ఎంత అని అడిగారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. కాగితం చేతికిచ్చి ఒక వాక్యం రాయమన్నారు. పౌర్ణమి, అమావాస్య, సంత రోజు, వీటితోనే కాలం లెక్కపెట్టిన మనిషి ఏం చెబుతుంది? పెన్ను పట్టుకోవడమే రాని చెయ్యి ఏం రాస్తుంది? మార్కులు వేసి, చాలా తక్కువ వచ్చాయి, వయసైపోయింది తీసుకుపోండి అన్నారు. ఆ మార్కుల్లో జబ్బు వాటా ఎంత, చదువు లేకపోవడం వాటా ఎంత అని చెప్పేవాళ్లు అక్కడ లేరు.

ఆ కోపంతోనే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. అలా సువర్ణ గారి పేరు దొరికింది. ఆ రకం పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. చదువుకున్నవాళ్లను మనసులో పెట్టుకుని చేసింది. దాన్ని అలాగే తెచ్చి మన ముసలివాళ్లకు పెడితే లేని జబ్బు ఉన్నట్టు కనబడవచ్చు. సువర్ణ గారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ బృందంతో కలిసి పనిచేసిన మనిషి. అల్జీమర్ వ్యాధి అన్నిసార్లూ మతిమరుపుతోనే మొదలుకాదని, కొందరిలో మాట పోవడంతోనో చూపు తికమకతోనో మొదలవుతుందని 2007లో వాళ్లు ప్రచురించిన పరిశోధన బాగా పేరు పొందింది. కేంబ్రిడ్జ్ వాళ్ల పరీక్షనే నిమ్స్‌లో తెలుగు వాళ్లకు తగినట్టు మార్చి వాడారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తరఫున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో పరీక్షలు తయారయ్యాయి. అక్షరం రానివాళ్లకు వేరే రూపం కూడా చేశారు. ఈ పనిలో సువర్ణ గారి పాత్ర పెద్దది. పత్రికల్లో ఇలాంటి పనికి పెద్ద శీర్షికలు రావు గానీ, నా లెక్కలో ఇదే ఆమె చేసిన గొప్ప పని.

శీర్షికలు వచ్చింది ఇంకోదానికి. ఎక్కువ చదువుకున్నవాళ్లకు డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని ముందు నుంచీ చెబుతున్నారు. చదువు మెదడులో దాచుకున్న సొమ్ములాంటిదట, జబ్బు తింటున్నా కొంతకాలం గడుస్తుందట. అయితే మన అవ్వల మాటేమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. బడికి రానివ్వని పాపం మెదడు దాకా వెంటాడుతుందా?

రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగేళ్లు ఆలస్యంగా వస్తుందని 2007లో కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ అనే శాస్త్రవేత్త చెప్పారు. వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు కదా, తేడాకు కారణం భాషా, వలసా అని కొందరు ప్రశ్నించారు. ఆ చిక్కు విప్పడానికి హైదరాబాదు కంటే మంచి చోటు ఎక్కడుంది? అక్కడ పుట్టి పెరిగినవాళ్లే తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడతారు. 2006 నుంచి 2012 దాకా నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు సువర్ణ గారి బృందం పరిశీలించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లకంటే వీళ్లకు జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. ఈ ఫలితం 2013లో న్యూరాలజీ అనే పత్రికలో అచ్చయింది.

నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం అందులో ఇంకొకటుంది. ఆ రోగుల్లో 14 శాతం మంది నిరక్షరాస్యులు. వాళ్లలో కూడా రెండు భాషలు వచ్చినవారికి జబ్బు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. అంటే బడి ఇవ్వనిది సంత ఇచ్చింది, కూలి పని ఇచ్చింది, వలస బతుకు ఇచ్చింది. రెండుకు మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం కనబడలేదట. ఈ సంగతి మా అవ్వకు చెబితే మూడోది ఊరికే నేర్చుకున్నానా అని నవ్వేదేమో. 2015 చివర్లో వాళ్లే పక్షవాతం వచ్చిన 608 మందిని గురించి రాశారు. తర్వాత కూడా బుద్ధి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40 శాతం, ఒకే భాషవాళ్లలో 20 శాతం.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు, అదీ చెప్పాలి. న్యూయార్కులో వెయ్యిమందికి పైగా స్పానిష్ మాట్లాడే వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి రక్షణ ఏమీ కనబడలేదు. ఆస్పత్రికి వచ్చినవాళ్లను లెక్కించడం వేరు, ఊళ్లో అందరినీ లెక్కించడం వేరు. అవ్వకు మూడు భాషలు వచ్చినా జబ్బు రాకుండా ఆగలేదు. రావలసిన దానికంటే ఆలస్యంగా వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు.

మన హాస్టల్లోనే చూడండి. అచ్చంపేట తండాల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడతారు. గట్టు, కేటీ దొడ్డి వైపు వాళ్లకు కన్నడం వచ్చు. వనపర్తి బజార్లో ఉర్దూ రానివాళ్లు తక్కువ. లంబాడీ మాట్లాడితే నవ్వేవాళ్లు మన గదుల్లోనూ ఉన్నారు. మానుకుంటే మంచిది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. పెద్దవాళ్లలో మార్పు కనబడితే ఎప్పటి నుంచి ఉందో రాసి పెట్టుకోండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, మనసు కుంగినా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. చెవుడు, బీపీ, షుగర్ పట్టించుకోకపోతే డిమెన్షియా ముప్పు పెరుగుతుందని లాన్సెట్ కమిషన్ 2024లో మళ్లీ చెప్పింది. చెవి పరీక్ష చేయించడం మన చేతిలో పనే. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది.

మా అవ్వ ఇప్పుడు తెలుగు తగ్గించింది. కన్నడంలోనే మాట్లాడుతుంది. పగలంతా ఆమె దగ్గర ఉండే మా చెల్లెకు కన్నడం రాదు. రాయచూరు బంధువులకు ఫోను చేసి ఒక్కొక్క మాట అడిగి నోటుబుక్కులో రాసుకుంటోంది. మొన్న ఊట ఆయ్తా అని అడిగితే, అవ్వ ఆయ్తు అంది.