రంగం దూరం, దుబాయి దూరం

బారువ తీరాన నిలబడితే ఎదుట సముద్రం తప్ప మరేమీ కనిపించదు. దాని ఆవలి దేశంలోదే రంగూన్. మన ఉద్దానం పెద్దల నోట 'రంగం'. విశాఖ నుంచి విమానం తిన్నగా ఎగిరితే సుమారు 1,370 కిలోమీటర్లు, రెండు గంటల పని. ఆనాటివారు స్టీమరెక్కి రోజుల తరబడి వెళ్ళారు. 1942లో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నప్పుడు వేలాదిమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. అందరూ ఇల్లు చేరలేదు.

ఇప్పటి దారి దుబాయికి. విశాఖ నుంచి ఆకాశమార్గాన సుమారు 3,000 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. (పలాస నుంచి విశాఖకు రైలే మూడు గంటలు తినేస్తుంది!)

మొన్న జీడితోటలో, కొడుకును దుబాయి పంపిన ఒక ముసలమ్మకు ఈ లెక్కంతా ఉత్సాహంగా చెప్పాను. మాస్టారి జబ్బు కదా! ఆమె పిక్కలేరుతూనే, "నాలుగు గంటలేటి బాబూ! రెండేళ్ళకి గాని రానని సెప్పి ఎల్లాడు మావోడు" అంది.