బాబాయి మిషను, నా ఎక్సెల్ షీటు

మొన్న డిసెంబరులో తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "అబ్బాయ్, తోలు కుట్టే మిషన్ ఒకటి చూడరా. చెయ్యి ఆడట్లేదు" అన్నాడు.

ఆయనకిప్పుడు 58. ముప్ఫై ఏళ్ళు దాటింది ఆరె పట్టి. మైనం పూసిన దారం లాగీ లాగీ కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది. చెప్పులు ఎప్పుడో మానేశాడు, బ్యాగులూ బెల్టులూ కుట్టి రెండు షాపులకి వేస్తాడు. మిషన్ రాకపోతే అదీ మానుకోవాల్సిందే.

నేనేమో సాఫ్ట్‌వేరు వాణ్ణాయె. దోసె పెనం కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే జాతి మనది. తెరిచా. ధర, బరువు, మోటారు, నిమిషానికి ఎన్ని కుట్లు... ఇలా పదకొండు కాలమ్‌లు. ఇళ్ళల్లో వాడే రకంలోనే 'హెవీ డ్యూటీ' అని పెట్టె మీద రాసున్నది, నిమిషానికి 1100 కుట్లు వేసేది ఒకటి నా లెక్కల్లో ఫస్టు ర్యాంకు కొట్టేసింది.

ఎందుకైనా మంచిదని మా టీములో ఒకతన్ని అడిగా. అతను వారాంతాల్లో 'లెదర్ క్రాఫ్ట్' చేస్తుంటాడు. వాలెట్ కుట్టి తెచ్చాడంటే డెస్కు చుట్టూ జనం. "ఎవరికి?" అన్నాడు. "ఫ్రెండుకి" అన్నా. బాబాయికి అనడానికి నోరు రాలేదు. పదహారేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, మా ఇంట్లో వాళ్ళు చేసే పనేంటో ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు. అతను కుడితే హాబీ. మావాళ్ళు కుడితే కులం తెలిసిపోతుంది. (తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన నాయుడమ్మ గారు మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేశారని మా స్కూల్లో గర్వంగా చెప్పేవారు. అలా చెప్పిన మాష్టారే మా నాన్న వస్తే అరుగు ఎక్కనిచ్చేవారు కాదు.)

సరే, మిషన్ సంగతి. నా షీటు చూసి అతను నవ్వాడు. మామూలు మిషన్లో కింద ఉండే పళ్ళు మాత్రమే గుడ్డని లాగుతాయి, పైన పాదం నొక్కిపెట్టి ఉంచుతుందంతే. తోలు పెడితే కింది పొర ముందుకు పోతుంది, పైది పాదానికి అతుక్కుని వెనకబడుతుంది. చివరికొచ్చేసరికి అంచులు కలవవు. తోలుకి కావాల్సింది కాంపౌండ్ ఫీడ్ అట. జూకీ డీఎన్‌యూ-1541 లాంటి వాటిలో ఉంటుంది. పళ్ళు, సూది, లోపలి పాదం మూడూ కలిసి అడుగేస్తాయి. సూది తోల్లో దిగి ఉండగానే లాగుతుంది కాబట్టి పొరలు జారవు.

ఇక మోటారు. క్లచ్ మోటారు స్విచ్చేసిన దగ్గర్నుంచీ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, కాస్త గట్టిగా తొక్కితే మిషన్ పరిగెత్తుతుంది. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, ఒక్కో కుట్టూ నింపాదిగా వేసుకోవచ్చు. తోలుకి అదే ముఖ్యం. గుడ్డ మీద తప్పు కుట్టు పడితే విప్పేస్తాం. తోల్లో పడిన చిల్లు మళ్ళీ పూడదు, మన భాషలో చెప్పాలంటే అన్‌డూ లేదు. నా 1100 కుట్ల కాలమ్ అక్కడే డిలీట్ చేశా.

సంక్రాంతి అయ్యాక బాబాయి హైదరాబాదు వచ్చాడు. సికింద్రాబాదులో ఓ మిషన్ల షాపుకి తీసుకెళ్ళా. షాపతను మెత్తటి పల్చటి ముక్క పెట్టి సర్రున కుట్టి చూపించాడు. "మోటారు ఆపు బాబూ" అన్నాడు బాబాయి. సంచీలోంచి తను తెచ్చుకున్న ముక్కలు తీశాడు. బెల్టు ముక్క, బ్యాగు మూల. ఆ మూల దగ్గర రెండు పొరలు కాస్తా నాలుగవుతాయి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ గట్టు ఎక్కించాడు. ముక్క తిరగేసి, జేబులోంచి ఆరె తీసి కింది దారాన్ని మొనతో లాగి చూశాడు. మొదటి మిషన్లో కుట్టు లూజుగా లేచొచ్చింది. రెండోదాన్లో కదల్లేదు.

"పాదం ఎంత లేస్తది?" అని అడిగాడు. నా షీటులో ఆ కాలమే లేదు.

నేను చవగ్గా వస్తుందని బల్లకి సమంగా ఉండే ఫ్లాట్‌బెడ్ చూపించా. "బ్యాగు డబ్బాలా తయారయ్యాక అడుగు కుట్టాలంటే దీని మీద ఎట్టా పెడతావురా?" అన్నాడు. సిలిండర్ బెడ్ అయితే గొట్టంలాంటి చెయ్యి ఉంటుంది, బ్యాగుని దానికి తొడిగేయొచ్చు. పాత సింగర్ ప్యాచర్ ఒకటి ఉందన్నాడు షాపతను, పాదం చుట్టూ తిరుగుతుందని. "అది రిపేర్లకయ్యా. బాబిన్ చిన్నది, నాలుగు బ్యాగులకే అయిపోద్ది" అన్నాడు బాబాయి.

బిల్లు రాస్తూ షాపతను నన్నడిగాడు, "ఈయన మీ వర్కరా సార్?" అని.

"మా బాబాయి" అన్నా. షాపతనికి చెప్పడం తేలికే లెండి, మళ్ళీ కనపడడు గదా.

డబ్బు మొత్తం నేనే ఇస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. నలభై వేలు తనిచ్చి, మిగతాది నా పేరున చిన్న నోటుబుక్కులో అప్పుగా రాసుకున్నాడు.

పోయిన నెల నాకో ల్యాప్‌టాప్ బ్యాగు కుట్టి పంపాడు. ఆఫీసుకి తీసుకెళితే మా టీమతను చేతిలోకి తీసుకుని మూలలు చూశాడు, కుట్లు లెక్కపెట్టాడు. "అంగుళానికి ఆరు, ఒక్కటీ తేడా లేదు. ఎక్కడ కొన్నావ్?" అన్నాడు.

కొంచెంసేపు మానిటరు వంక చూశా. "మా బాబాయి కుట్టాడు. మా ఇంట్లో అందరూ ఈ పనే" అన్నా.

అతను ఇంకేమీ అడగలేదు, ఫోన్ నంబరు తప్ప. అంచులు అంత పల్చగా ఎలా చెక్కుతారో నేర్చుకోవాలట. సాయంత్రం బాబాయికి చెప్పా. "ఆదివారం రమ్మను. వచ్చేప్పుడు 22 నంబరు తోలు సూదులు ఓ ప్యాకెట్టు తెమ్మను, ఇక్కడ దొరికి చావట్లా" అన్నాడు.