మెలిక తెగకూడదు

ముగ్గు వేయడం కూడా ఒక విద్యేనా అని మూతి విరిచేవాళ్ళకి ఒక చిన్న లెక్క చెబుతాను. వరసకి వరస ఎదురుగా, అడ్డం 4, నిలువు 6 చుక్కలు పెట్టండి. పక్కపక్క చుక్కల మధ్య గీతలు ఒకదాన్నొకటి దాటేట్టు మెలిక తిప్పుకుంటూ రండి. ముగ్గు నిండకుండానే గీత మొదలెట్టిన చోటికి వచ్చేస్తుంది. రెండో గీత తియ్యాల్సిందే. అదే 5, 6 పెట్టారనుకోండి, ఒక్క గీతే అన్నిటినీ చుట్టి వస్తుంది. ఆ రెండంకెల గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని!

ఈ సూత్రం మా అమ్మకి తెలీదు. ఐదో తరగతితో చదువు మాన్పించేశారు. కానీ "నాలుగుకి ఆరు వద్దే, రెండు ముక్కలవుతుంది" అని మాత్రం చెప్పేది. ఆవిడది కొల్లేటి లంక గ్రామం. బుడమేరూ, తమ్మిలేరూ పొంగితే వాకిట్లోకే నీళ్ళు. నీళ్ళు తీసిన మర్నాడే కళ్ళాపి, మెలిక ముగ్గు. తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టాకా అంతే. ఏలూరులో మా ఫ్లాటుకొచ్చాక వాకిలి లేదు, గుమ్మం ముందు అతికించే ప్లాస్టిక్ ముగ్గు. "పనొకటి తప్పిందిలే" అంటుంది. ఆ మాటలో సంతోషం ఎక్కడా వినపడదు.

కిందటేడు మా చెల్లెలి కూతురు డబ్లిన్ నుంచి వచ్చింది. మెళ్ళో వెండి బిళ్ళ, దానిమీద మొదలూ తుదీ లేని అల్లిక. ఐర్లండు వాళ్ళ పాత పనితనమట. 1850లో అక్కడ దొరికిన తారా బ్రోచ్ అనే నగమీదా, సుమారు 800 నాటి బుక్ ఆఫ్ కెల్స్ అనే సువార్త గ్రంథంలోనూ ఇలాంటి అల్లికలే. ఆ గ్రంథాన్ని సన్యాసులు దూడ చర్మం మీద రాశారు, ఇప్పుడది డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని బిళ్ళని అటూ ఇటూ తిప్పింది. "మూడు అడ్డం, నాలుగు నిలువు. ఒకటే గీత. చుక్కలు చెరిపేశారు, అంతే" అంది. పిల్ల నోరు తెరిచింది. జార్జ్ బెయిన్ అనే స్కాట్లండు డ్రాయింగు మేష్టారు 1951లో అచ్చేసిన పుస్తకంలో ఈ అల్లికల్ని చుక్కల మీదనుంచే నేర్పించాడు మరి!

తేడా లేకపోలేదు. వాళ్ళ గీత నవ్వారులా ఒకసారి పైనుంచీ, ఒకసారి కిందనుంచీ పోతుంది. మనది దాటిపోతుందంతే. వాళ్ళది పన్నెండు వందల ఏళ్ళు నిలిచింది. మనది సాయంత్రానికి చీమల పాలు.

అందుకే మనది చేతుల్లో తప్ప మరోచోట నిలవదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్, రాణీ సిరొమనీ దంపతులు 1974 నాటికే ఈ ముగ్గుల్ని కంప్యూటరు శాస్త్రంలోకి తీసుకెళ్ళారు. పండితులు గుర్తించారు గానీ, మనింట్లో ఎవరు అడిగారు చెప్పండి?

ఆ వారమంతా అమ్మ పలకమీద సుద్దతో గీసింది, మనవరాలు వెంట గీసింది. మీ ఇంట్లోనూ పెద్దావిడ ఉంటే పక్కన కూర్చోండి. ముగ్గుల పుస్తకంలో ఆకారం దొరుకుతుంది. చెయ్యి ఎక్కడ మళ్ళాలో ఆవిడ దగ్గరే దొరుకుతుంది.