ఇస్తాంబుల్‌లో ఒక రోజు: నీరు, అంగడి, వక్ఫ్

ఐరోపా, ఆసియా ఖండాలు రెండింటిలోనూ విస్తరించిన మహానగరం ఇస్తాంబుల్. ఐరోపా ఒడ్డునున్న పాత నగరానికి పర్యాటక బృందాలు సాధారణంగా ఒక రోజు కేటాయిస్తాయి. ఉదయం మస్జిదులు, మధ్యాహ్నం చారిత్రక కట్టడాలు, సాయంత్రం బజారు. మా యాత్రలోనూ ఇదే వరుస. అయితే నల్లగొండ జిల్లా మర్రిగూడ నుండి వెళ్ళిన మా దృష్టి ఆ రోజంతా నీటి మీదే నిలిచింది. ఫ్లోరైడు నీరు ఎందరి ఎముకలనో వంచివేసిన ప్రాంతం మాది. బాల్యమంతా ఆ నీరే తాగిన మా ఆపాకు మోకాళ్ళు వంగవు. సుల్తాన్ అహ్మద్ మస్జిదులోనూ ఆమె కుర్చీలో కూర్చునే నమాజు చేసుకున్నారు.

ఆరు మినార్ల ఆ మస్జిదు నిర్మాణం 1616లో పూర్తయింది. దానికి ఎదురుగా అయా సోఫియా, ఆ సమీపంలోనే నేల కింద ఒక జలాశయం ఉన్నాయి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన ఆ జలాశయం కప్పును 336 స్తంభాలు మోస్తున్నాయి. నగరం వెలుపలి అడవుల నుండి కాలువల ద్వారా తెచ్చిన నీటిని అందులో నిల్వ చేసేవారు. ఆపా మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి, ఆ నీటిని చాలాసేపు చూశారు.

తోప్‌కాపి రాజప్రాసాదం ద్వారం ముందు సుల్తాన్ మూడవ అహ్మద్ 1728లో కట్టించిన జలమందిరం ఉంది. నాలుగు వైపులా కుళాయిలు, నాలుగు మూలలా సబీళ్ళు. ఆ జాలీల వెనుక నుండి బాటసారులకు గిన్నెలతో నీరు ఉచితంగా అందించేవారు.

“దాహానికి వెల కట్టలేదన్న మాట!” అన్నారు ఆపా.

సాయంత్రం గ్రాండ్ బజారుకు చేరాం. అరవైకి పైగా వీధులు, దాదాపు నాలుగు వేల దుకాణాలు. దీపాలు, తివాచీలు, సుగంధ ద్రవ్యాలు కళ్ళను కట్టిపడేస్తాయి. తివాచీల దుకాణంలో తేనీరు ఇచ్చి కూర్చోబెడతారు. తాగినంత మాత్రాన కొని తీరాలన్న మొహమాటం అక్కరలేదు. ఆపా రెండు రాగి గిన్నెలు బేరమాడి కొని, చాలన్నారు.

ఈ బజారుకు మరో చరిత్ర ఉంది. 15వ శతాబ్దంలో సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ ఇక్కడి తొలి వాణిజ్య భవనాన్ని కట్టించి, దాని ఆదాయాన్ని అయా సోఫియా మస్జిదుకు వక్ఫ్ చేశారు. అంగడి అద్దె ఆరాధనాలయాన్ని పోషించింది. సబీళ్ళు కూడా ఇటువంటి వక్ఫ్‌ల మీదే నడిచేవి. కట్టడంతో పాటు, అది నిరంతరం నడిచేందుకు ఆదాయ మార్గాన్నీ ఏర్పరచడం ఆనాటి వారి దూరదృష్టి.

నేడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు మా ఇళ్ళకు చేరుతున్నాయి. కానీ ఒకసారి వంగిన ఎముకలు మళ్ళీ సరికావు. సరైన నీరు ఒక తరం ముందే అంది ఉంటే ఆపా నుదురు నేలకు ఆనేది. అందుకే విహారయాత్రకు డబ్బు కూడబెట్టే ప్రతి కుటుంబమూ బజారు ఖర్చులో కొంత భాగాన్ని తమ ఊరి నీటి అవసరానికి కేటాయించాలి. మస్జిదు వద్ద ఒక మంచినీటి తొట్టి, బడిలో ఒక శుద్ధి యంత్రం, దాని మరమ్మతుకు నెలనెలా కొంత సొమ్ము! అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.