ఎడపల్లి దారిలో చేపల వంశాలు

నిజామాబాదు నుంచి బోధనుకు పోయే దారిలో ఎడపల్లి వస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగరం కాలువ ఈ సీమకు వరిని, చెరకును ఇచ్చింది. దగ్గరలోని అలీసాగరాన్నీ నింపింది. నీరున్న చోట చేప ఉండదా?

చేపలలో పెద్ద వంశాలు మూడు. దవడలే లేని గుండ్రనోటి చేపలు మొదటివి. మన వంటింటికి అవి రావు. రెండోవి సొర, టేకు వంటివి. వీటి అస్థిపంజరమంతా మృదులాస్థి. మొప్పలకు మూత ఉండదు, చీలికలే కనిపిస్తాయి. మూడోవి గట్టి ఎముకలున్న చేపలు. మొప్పలపై మూత వీటి గుర్తు. ఇక్కడి చెరువు చేపలన్నీ ఈ వంశానివే.

అయినా అన్నదమ్ములందరిదీ ఒకే తీరు కాదు. బొచ్చెకు, రోహుకు పెద్ద పొలుసులు. వాలుగకు, జెల్లకు పొలుసు లేదు, మీసాలున్నాయి. కొర్రమీనుకు పొలుసూ ఉంది, పైకి తేలి గాలి పీల్చే నేర్పూ ఉంది. అందుకే అది గిన్నెలో బ్రతికే ఇల్లు చేరుతుంది.

అసలు తేడా సంసారంలో ఉన్నది. కొర్రమీను చెరువులోనే గుడ్లు పెట్టి, పిల్లలను కాచుకుంటుంది. బొచ్చె, రోహులకు పారే వరదనీరు కావాలి. చెరువులో గుడ్లు పెట్టవు. వాటి పిల్లలను ఏటా తెచ్చి వదలవలసిందే. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి సూదిమందుతో రోహు జాతి చేపలచేత గుడ్లు పెట్టించాడు. 2016లో తెలంగాణ ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం ప్రారంభించింది. వానాకాలంలో పిల్లలు వేళకు చెరువు చేరకపోతే, వేసవిలో జాలరి వల తేలికగానే పైకి వస్తుంది.